తాటిచెట్టు, దూడగడ్డి, ఎడమ మెదడు

ఇంతకాలం నన్ను బద్ధకస్తుడని అన్నవాళ్లందరూ క్షమాపణ చెప్పుకోవలసిన సమయం వచ్చింది. నాది బద్ధకం కాదు, శరీర నిర్మాణం.

మొన్న రాత్రి పడుకోబోయే ముందు ఫోన్‌లో పది ప్రశ్నల పరీక్ష ఒకటి రాశాను. మీ బల్ల మీద కాగితాలు చిందరవందరగా ఉంటాయా, పాట వింటే కళ్లు చెమరుస్తాయా, ఎవరైనా దారి అడిగితే వీధి పేర్లు చెబుతారా గుర్తులు చెబుతారా, ఇలాంటివి. పదో ప్రశ్న అయిపోగానే తెర మీదకి రంగుల మెదడు బొమ్మ ఒకటి వచ్చింది. అందులో కుడి సగం ధగధగా వెలిగింది. నేను కుడి మెదడు మనిషినట. సృజన, భావుకత, స్వేచ్ఛ నా సొత్తట. లెక్కలు, పద్ధతులు, గడువులు నాకు సరిపడవట. పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి నిజాయితీగానే జవాబిచ్చాను. పదోదానికి మాత్రం ఫలితం ఎటు పోతోందో చూసుకుని ఇచ్చాను.

'గడువులు సరిపడవు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కొందరికి దుమ్ము సరిపడదు, కొందరికి పుప్పొడి సరిపడదు. నాకు గడువు సరిపడదు. ఇందులో నా తప్పేముంది?

విషయం ఇంత లోతుగా ఎందుకు తీసుకున్నానంటే, మా ఇంట్లో అటక మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో అయిదేళ్ల కాగితాలున్నాయి. బిల్లులు, రసీదులు, బీమా పత్రాలు, ఏ వస్తువువో ఎవరికీ గుర్తులేని వారంటీ కార్డులు. వాటిని దించి, విడదీసి, ఫైళ్లలో పెట్టే బాధ్యత నాది. ఆ పని అటకెక్కిందని మా వాళ్లు అంటూ ఉంటారు. నుడికారం అచ్చంగా వాస్తవమైపోయిన సందర్భాల్లో ఇదొకటి.

తెల్లారగానే మా ఆవిడకి సంగతి చెప్పాను. "చూడు, నేను కుడి మెదడు మనిషినట. కాగితాలు సర్దడం ఎడమ మెదడు చేసే పని."

ఆవిడ తలెత్తలేదు. "మరి మీ ఎడమ మెదడు ఖాళీగానే ఉందిగా, దానికి చెప్పండి" అంది.

వెంటనే రెండో సాక్ష్యం ప్రవేశపెట్టాను. ఒంటికాలి మీద గిరగిరా తిరిగే నర్తకి నీడబొమ్మ మీరూ చూసే ఉంటారు. ఆమె గడియారం ముల్లు దిశలో తిరుగుతున్నట్టు కనిపిస్తే మీది కుడి మెదడు, ఎదురు దిశలో కనిపిస్తే ఎడమ మెదడు అని ఆ బొమ్మ కింద రాసి ఊరూరా తిప్పారు. నాకు ముల్లు దిశలో తిరిగింది. మా ఆవిడకి ఎదురు దిశలో తిరిగింది. మావాడికి కాసేపు ఇటు, కాసేపు అటు తిరిగింది. వాడి మెదడు నడిమధ్యన ఉందేమోనని కాస్త కంగారుపడ్డాం. ఒకే బొమ్మ ఒకే ఫోన్‌లో రెండు వైపులా ఎలా తిరుగుతుందన్న దాని మీద ఆ పూట ఇంట్లో జరిగిన చర్చ అటక దాకా వెళ్లలేదు, అదొక్కటే లాభం. ఆ బొమ్మని 2003లో నోబుయుకి కయహారా అనే జపాన్ డిజైనర్ తయారుచేశాడు. అది వట్టి నీడ. ఏ కాలు ముందుందో ఏది వెనకుందో తెలిపే గుర్తు ఒక్కటీ అందులో లేదు. దాంతో చూపు తనకు తోచిన దిశ ఒకటి పట్టుకుంటుంది, కాసేపటికి మార్చుకుంటుంది కూడా. కుడి ఎడమ మెదళ్లతో దానికి ఏ చుట్టరికమూ లేదు. ఆ మాట నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఇక గట్టి ఆధారాల కోసం శాస్త్రంలోకి దిగాను. దిగకుండా ఉండాల్సింది.

కథ 1861లో ప్యారిస్‌లో మొదలవుతుంది. లెబోర్న్ అనే రోగి ఒకాయన ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా 'టాన్, టాన్' అనేవాడు, ఆసుపత్రిలో ఆయన పేరే టాన్ అయిపోయింది. ఎదుటివాళ్ల మాటలు ఆయనకి చాలావరకు అర్థమయ్యేవి, బదులు చెప్పడమే రాలేదు. ఆయన చనిపోయాక పాల్ బ్రోకా అనే వైద్యుడు మెదడు తీసి చూస్తే, ఎడమ సగంలో ముందు భాగం దెబ్బతిని ఉంది. అలాంటి రోగుల్ని మరికొందర్ని చూశాక, మనం మాట్లాడేది ఎడమ సగంతోనని 1865లో బ్రోకా తేల్చాడు. కుడిచేతి వాటం వాళ్లలో నూటికి 95 మందికి మాట ఎడమ సగంలోనే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలోనూ నూటికి 70 మందికి అంతే. తమ మెదడులో అంతా తారుమారని గొప్ప చెప్పుకునే ఎడమచేతి మిత్రులు ఈ వాక్యం చదవకపోతేనే మంచిది.

ఎడమ సగానికి మాట దక్కితే కుడి సగానికి మాటలో స్వరం దక్కింది. మొహాలు గుర్తుపట్టడం, ఏది ఎక్కడుందో పోల్చుకోవడం, గొంతులో కోపం ఉందా వెటకారం ఉందా పసిగట్టడం, వీటిలో దానిది పైచేయి. ఈ పని విభజన ఎంత లోతైనదో తెలియాలంటే ప్రయోగశాలకి పోనక్కర్లేదు, 'సరే' అన్న మాట చాలు. మీరు ఇంట్లో ఏదో అడుగుతారు, 'సరే' అని జవాబొస్తుంది. ఎడమ సగం ఆ రెండక్షరాలూ అందుకుని, అనుమతి లభించిందని ఫైలు మూసేస్తుంది. కుడి సగానికి ఆ 'స' దగ్గర పడిన నొక్కు, 'రే' దగ్గర తెగిన తీరు వినిపిస్తాయి. అది అనుమతి కాదని, సమన్లని దానికి తెలుసు. పాపం దానికి నోరు లేదు. బూట్లు వేసుకుని వీధిలోకి వచ్చాక కడుపులో ఏదో తేడాగా అనిపిస్తుంది చూశారూ, అది అదే.

ఈ విషయం మా ఆవిడకి ఉత్సాహంగా వివరించాను. అదీ పొరపాటే. "గొంతు అర్థం చేసుకునేది కుడి మెదడా? మీది కుడి మెదడేగా? మరి మొన్న నేను సరే అంటే నిజంగానే సినిమాకి పోయారేం?" అంది. సాక్షి ఎదురు తిరగడమంటే ఇదే.

ఇక అసలు ఘట్టం. మెదడులో రెండు సగాలూ ఎడమొహం పెడమొహంగా ఉండకుండా మధ్యలో కార్పస్ కలోసమ్ అనే వంతెన ఉంటుంది. సుమారు 20 కోట్ల నరాల పోగుల మీదుగా ఇటు సంగతులు అటు, అటు సంగతులు ఇటు క్షణాల్లో చేరిపోతుంటాయి. మందులకు లొంగని మూర్ఛ ఉన్నవాళ్లకి, ఒక వైపు మొదలైన తుఫాను రెండో వైపు పాకకుండా ఈ వంతెనను కోసేసే ఆపరేషన్లు 1960ల్లో లాస్ ఏంజెలెస్‌లో జరిగాయి. రోగులు తేరుకున్నారు. నడిచారు, మాట్లాడారు, చూసేవాళ్లకి తేడా ఏమీ తెలియలేదు. రోజర్ స్పెర్రీ, ఆయన శిష్యుడు మైకేల్ గజానిగా పరీక్షించి చూసినప్పుడు బయటపడింది, ఒకే పుర్రెలో ఇద్దరు కాపురముంటున్నారని. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. కొందరు రోగుల్లో, ఆపరేషన్ కొత్తలో, కుడిచేయి పెడుతున్న చొక్కా గుండీలు ఎడమచేయి విప్పేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇద్దరికీ పెళ్లి కాలేదుగాని తక్కిన లక్షణాలన్నీ ఉన్నాయి.

1970ల్లో గజానిగా, జోసెఫ్ లెడూ కలిసి ఇలాంటి ఒక కుర్రాడికి రెండు బొమ్మలు చూపించారు. చూపులో కుడి వైపు పడింది ఎడమ మెదడుకీ, ఎడమ వైపు పడింది కుడి మెదడుకీ చేరుతుంది. చేతులూ అంతే, కుడిచేయి ఎడమ మెదడు మాట వింటుంది, ఎడమచేయి కుడి మెదడు మాట వింటుంది. వంతెన లేదు కనుక ఒకరు చూసింది రెండోవారికి తెలియదు. ఎడమ మెదడుకి కోడికాలు చూపించారు. కుడి మెదడుకి మంచు కప్పేసిన ఇల్లు చూపించారు. ముందు కొన్ని బొమ్మలు పరిచి, చూసినదానికి సరిపోయేది ఏరమన్నారు. కుడిచేయి వెళ్లి కోడి మీద వాలింది. ఎడమచేయి వెళ్లి పార మీద వాలింది. మంచు ఎత్తిపోయాలిగా మరి. ఇద్దరూ సరిగ్గానే ఏరారు.

అప్పుడు అడిగారు, పార ఎందుకు తీశావు అని. జవాబు చెప్పాల్సింది ఎడమ మెదడు, నోరు దాని చేతిలోనే ఉంది. దానికి మంచు సంగతి బొత్తిగా తెలియదు. తెలియదని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. తడుముకోలేదు, నీళ్లు నమల్లేదు. 'అదేముంది, కోడికాలు కోడిది, కోళ్ల షెడ్డు శుభ్రం చేయాలంటే పార కావాలి కదా' అనేసింది.

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. వాణ్ణి ఇన్నేళ్లుగా మనం దొంగ అనే అనుకుంటున్నాం. కల్లు కోసం ఎక్కి, దొరికిపోయి, అబద్ధమాడాడని తీర్పిచ్చేశాం. ఆ తీర్పుని పునఃసమీక్షించాలని ఈ వ్యాసం ద్వారా సవినయంగా కోరుతున్నాను. వాణ్ణి చెట్టెక్కించింది కుడి మెదడై ఉండవచ్చు. ఎక్కాక కింద నుంచి కేకేసి అడిగితే, జవాబు చెప్పే ఉద్యోగం ఎడమ మెదడు మీద పడింది. దానికి విషయం తెలియదు. దగ్గర్లో దూడ కనపడింది. గడ్డి అంది. చిత్తశుద్ధితోనే అంది.

ఈ ఉద్యోగికి గజానిగా 'ఇంటర్‌ప్రెటర్' అని పేరు పెట్టాడు. వ్యాఖ్యాత అనవచ్చు, నాకైతే అధికార ప్రతినిధి అనాలనిపిస్తుంది. నిర్ణయం జరిగిన గదిలో అతను ఉండడు. నిర్ణయం ఎవరు తీసుకున్నారో అతనికి తెలియదు. బయట మైకులు పెట్టి ఉంటాయి, వచ్చి కూర్చుని ధీమాగా చెబుతాడు. ఇలాంటి రోగి ఒకరికి కుడి మెదడుకి మాత్రమే కనపడేలా 'నడువు' అన్న మాట చూపిస్తే లేచి నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడికని అడిగితే, కోక్ తెచ్చుకుందామని అన్నాడు. చూడండి, కోక్ వరకు వచ్చేసింది వివరణ. ఇంకో రెండడుగులు వేయనిస్తే ఏ బ్రాండో, చల్లగా ఉండాలో వద్దో కూడా వచ్చేది.

పాపం, వాళ్ల వంతెన తెగింది కాబట్టి అలా అన్నారనుకుంటారేమో. 1977లో రిచర్డ్ నిస్బెట్, టిమోతీ విల్సన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక దుకాణంలో బల్ల మీద నాలుగు జతల మేజోళ్లు వరుసగా పెట్టి, వచ్చేపోయేవాళ్లని నాణ్యమైనది ఏరమన్నారు. నాలుగూ ఒకటే రకం, దారప్పోగంత తేడా లేదు. తక్కిన జతలకన్నా కుడివైపు చివర ఉన్న జతనే ఎక్కువమంది ఏరారు. ఎందుకంటే అల్లిక బావుందన్నారు, పలచగా ఉందన్నారు. కుడి చివర ఉందని తీశారా అని అడిగితే దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు సరికదా, పిచ్చివాడితో మాట్లాడుతున్నామా అన్నట్టు చూశారట. వీళ్ల వంతెనలన్నీ భేషుగ్గా ఉన్నాయి. ఇది మెదడు సగాల ప్రయోగం కాదని గిట్టనివాళ్లు అనవచ్చు, నిజమే. కానీ అధికార ప్రతినిధి గొంతు నాకు ఎక్కడ విన్నా తెలిసిపోతుంది. ఆయనతో నలభై ఏళ్ల పరిచయం.

ఫ్రిజ్ తలుపు తీసి నిలబడినప్పుడు 'ఏం కావాలి?' అని ఎవరైనా అడిగితే, ఏమీ వద్దని చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? మూడో చొక్కా ఎందుకు కొన్నారంటే రెండో చొక్కా ఇస్త్రీకి పోతే ఉంటుందని. మీటింగ్‌లో ఆయన మీద ఎందుకు ఎగిరారంటే ప్రాజెక్టు మేలు కోరి. ఫోన్ ఎందుకు చూస్తున్నారంటే టైమ్ ఎంతయిందోనని. చూసి పెట్టేశాక ఎంతయిందని అడగండి, మళ్లీ చూడాల్సి వస్తుంది.

నిత్యజీవితంలో సగాల తేడా చూపే చిన్నచిన్న సంగతులు ఇంకొన్ని ఉన్నాయి, వేగంగా చెప్పేస్తాను. గీత గీసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా సగటున ఒక వెంట్రుకవాసి ఎడమకి జరిగి పెడతారు. తల్లుల్లో ఎక్కువమంది బిడ్డని ఎడమవైపే ఎత్తుకుంటారు. ఓనూర్ గున్తుర్కున్ అనే శాస్త్రవేత్త విమానాశ్రయాల్లో, రైల్వే స్టేషన్లలో, బీచుల్లో 124 జంటలు ముద్దు పెట్టుకోవడం గమనించి, మూడింట రెండు వంతుల మంది తల కుడికి వాలుస్తారని 2003లో ప్రకటించాడు. ఇదే పని ఇంకెవరైనా చేస్తే ఏమంటారో మీకు తెలుసు. ఈయనది మాత్రం నేచర్ పత్రికలో అచ్చయింది.

ఇటలీలో ఇద్దరు పరిశోధకులైతే డిస్కో హాళ్లకి మనుషుల్ని పంపి, ఆ హోరులో పక్కవాళ్ల చెవిలో సిగరెట్ అడిగించారు. ఎడమ చెవిలో అడిగినప్పటికన్నా కుడి చెవిలో అడిగినప్పుడు ఎక్కువ సిగరెట్లు దొరికాయట. కుడి చెవిలో పడ్డ మాట ఎడమ మెదడుకి దగ్గర దారిన పోతుంది కనుక అని వాళ్ల వివరణ. ఇది చదివాక నాకు ఆశ పుట్టింది. అటక పని వచ్చే నెలకి వాయిదా వేయమని అడుగుదామని మా ఆవిడ కుడిపక్కకి చేరి, చెవి దగ్గర నెమ్మదిగా విన్నవించుకున్నాను. ఆవిడ ఇటు తిరిగి, కుడి చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "ఏంటి?" అంది. ఆ ఒక్క మాట పలికిన స్వరం నా కుడి మెదడుకి ఈసారి స్పష్టంగా అందింది. ఏమీ లేదన్నాను.

కుడి మెదడు వెనక భాగం దెబ్బతిన్నవాళ్ల గురించి చదివినప్పుడు మాత్రం వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. వాళ్ల కళ్లు బాగానే ఉంటాయి, ప్రపంచంలో ఎడమ సగమే వాళ్ల లెక్కలో ఉండదు. పళ్లెంలో కుడి సగం తిని, ఇంకా ఆకలిగా ఉందంటారు. మొహంలో కుడి సగమే గడ్డం గీసుకుంటారు. మిలాన్‌లో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి రోగుల్ని ఆ ఊరి కెథడ్రల్ ముందున్న కూడలిని ఊహించుకుని వర్ణించమన్నారు. కూడలికి ఇటు చివర నిలబడి కెథడ్రల్ వైపు చూస్తున్నట్టు ఊహించుకోమంటే కుడివైపు భవనాలే చెప్పారు. అదే కెథడ్రల్ మెట్ల మీద నిలబడి ఇటు చూస్తున్నట్టు ఊహించుకోమంటే, ఇందాక వదిలేసిన భవనాలన్నీ చెప్పి, ఇందాక చెప్పినవన్నీ వదిలేశారు. 1978లో అచ్చయిన సంగతి ఇది. కొందరికి ఎడమచేయి పూర్తిగా పడిపోయినా పడిపోయిందన్న సంగతి తెలియదు. చేయి ఎత్తమంటే అలసటగా ఉందంటారు, కీళ్లనొప్పులంటారు. అధికార ప్రతినిధి అక్కడ కూడా విధుల్లోనే ఉన్నాడు. పక్కనుండి 'ఆగవయ్యా, అది నిజం కాదు' అని చెప్పాల్సినవాడే లేడు. అటక మీద పెట్టె కనపడకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తుందని వాదిద్దామనుకున్నాను గానీ, ఇది చదివాక నోరు రాలేదు.

నా కేసుకి అసలు దెబ్బ 2013లోనే తగిలిందని ఆలస్యంగా తెలిసింది. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 1,011 మంది మెదడు స్కాన్లు తీసుకుని, ఒక్కో మెదడునీ ఏడు వేలకు పైగా భాగాలుగా విడదీసి చూశారు. ఫలానా పని ఎడమన ఎక్కువ, ఫలానా పని కుడిన ఎక్కువ అనేది కనపడింది. మొత్తంగా ఎడమ సగమే గట్టిగా వాడే మనిషి, కుడి సగమే గట్టిగా వాడే మనిషి అనే జాతులు మాత్రం కనపడలేదు. పనులకి పక్షం ఉందిగానీ మనుషులకి లేదు. కవిత రాసేవాడూ, చక్రవడ్డీ కట్టేవాడూ రెండు సగాలూ కలిపే వాడుతున్నారు. అంతటితో ఆగలేదు. తీవ్రమైన మూర్ఛతో పసితనంలోనే ఒక సగం మెదడు తీసేయించుకున్న పిల్లల్లో చాలామంది, ఉన్న సగంతోనే నడక, మాట నేర్చుకుని బడికి వెళుతున్నారట. ఈ వాక్యం మా ఆవిడ నా భుజం మీద నుంచి చదివింది. ఏమీ అనలేదు. ఆవిడ అనకపోయినా నాకు వినపడింది.

అంటే ఆ పది ప్రశ్నల పరీక్ష, వెలిగిన కుడి సగం, సరిపడని గడువులు, ఇదంతా ఏమిటన్నమాట? అయిదేళ్లుగా చెట్టు మీద ఉన్నవాడికి ఎవరో కింద నుంచి గడ్డిమోపు అందించారు, నేను చంకన పెట్టుకున్నాను.

నిన్న ఆదివారం నిచ్చెన వేసుకుని అటకెక్కాను. పెట్టె కనపడింది. దాని పక్కనే కాలేజీ రోజుల నాటి నా బ్యాడ్మింటన్ రాకెట్ కూడా కనపడింది. రెండు తీగలు తెగి ఉన్నాయి, పిడికి చుట్టిన టేపు జిగురుగా అయిపోయింది. ఎప్పుడు తీశానో తెలియదు, ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. గాల్లో రెండు మూడు షాట్లు కూడా కొట్టినట్టున్నాను.

"ఏవండీ, ఏం చేస్తున్నారు పైన?" అని కింద నుంచి వినిపించింది.

చూసుకుంటే రాకెట్ ఎడమచేతిలో ఉంది. నేను ఆడేది కుడిచేత్తో.

"బూజు దులుపుతున్నాను" అన్నాను, తడుముకోకుండా.

ఆవిడ రెండు మెట్లు ఎక్కి తొంగిచూసింది. "రాకెట్‌తోనా?"

"చీపురైతే దుమ్ము కళ్లల్లో పడుతుంది. దీనికైతే కన్నాలుంటాయి కదా, కిందకి జారిపోతుంది" అన్నాను.

"సరే" అంది ఆవిడ.